చలువ పెట్టె: కొనేముందు, కొన్న తరువాత

ఇంట్లో రిఫ్రిజిరేటరు ఉండగా వేరుగా ఫ్రీజరు ఎందుకన్న ప్రశ్న సమంజసమైనదే. చాలా కుటుంబాలకు అది అక్కరలేదు కూడా. ఏ రోజు కూర ఆ రోజు వండుకుని, వారానికి రెండుసార్లు బజారుకు వెళ్లే ఇంట్లో రెండువందల లీటర్ల ఫ్రీజరు సగానికి పైగా ఖాళీగా పడివుండి, కరెంటు బిల్లును మాత్రం నిండుగా పెంచుతుంది. అయితే చేపల రేవుకు దగ్గరగా ఉండి ఒకేసారి పది కిలోలు కొనేవారున్నారు. వేసవిలో మామిడి గుజ్జు తీసి ఏడాది పొడుగునా వాడుకునేవారున్నారు. ఇంటి దగ్గరే కేకులో, ఐస్ క్రీములో, వండిన పదార్థాలో తయారుచేసి నలుగురికీ అమ్మి సంసారానికి ఆసరా అవుతున్న గృహిణులున్నారు. ఈ చివరివారికి ఫ్రీజరు విలాసవస్తువు కాదు, పెట్టుబడి. అందులోని సరుకు ఒక రాత్రిలో కరిగిపోతే నెల సంపాదన కరిగిపోయినట్టే.

అందుచేత ఫ్రీజరు నుంచి ఏమి ఆశించాలో మొదట తెలియాలి. ఆహారాన్ని నెలల తరబడి నిలవ ఉంచడానికి ప్రపంచమంతటా అంగీకరించిన ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగలేవు. చావవు కూడా, నిద్రాణంగా ఉంటాయి. కరిగిన మరుక్షణం మళ్లీ తమ పని మొదలుపెడతాయి. గడ్డకట్టించడంలో వేగానికీ ప్రాముఖ్యం ఉంది. మెల్లగా గడ్డకట్టే పదార్థంలో మంచు స్ఫటికాలు పెద్దవిగా ఏర్పడి కణజాలాన్ని చీల్చుతాయి. అటువంటి చేపను కరిగించినపుడు నీరు కారిపోయి, కండ పీచుపీచుగా మిగులుతుంది. 1910ల్లో కెనడా తూర్పుతీరాన లాబ్రడార్ ప్రాంతంలో నివసించిన క్లారెన్స్ బర్డ్‌స్ ఐ అనే అమెరికన్, అక్కడి స్థానికులు పట్టిన చేపలు ఆ గడ్డు చలిలో క్షణాల్లో గడ్డకట్టడమూ, నెలల తరువాత వండినా తాజాదనం కోల్పోకపోవడమూ గమనించాడు. తరువాత అతడు నిర్మించిన యంత్రాలే నేటి శీతల ఆహార పరిశ్రమకు మూలం.

ఇంటి ఫ్రీజరుకు అంతటి వేగం లేదు. నూరు లీటర్ల పెట్టెలో ఒక రోజున నాలుగైదు కిలోలకు మించి తాజా పదార్థం వేయకపోవడం మంచిది. పండుగకు ముందురోజు పాతిక కిలోల మాంసం ఒక్కసారే కుక్కి, మర్నాటికి గట్టిపడలేదని యంత్రాన్ని నిందించేవారు కద్దు. తప్పు యంత్రానిది కాదు.

ఇక అంగడిలో. అక్కడ కొనుగోలుదారును మొట్టమొదట తికమక పెట్టేవి నక్షత్రాలు. వీటిలో రెండు జాతులున్నాయన్న సంగతి అమ్మేవాడు సాధారణంగా చెప్పడు. ఒకటి విద్యుత్ పొదుపును సూచించే నక్షత్రాలు. 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఇచ్చే పట్టీ మీద ఇవి ఉంటాయి. రెండవవి చలి స్థాయిని తెలిపే నక్షత్రాలు. ఇవి యంత్రం తలుపు మీదనో, లోపలి అర మీదనో చిన్నవిగా ముద్రించి ఉంటాయి. ఒక నక్షత్రమంటే మైనస్ 6 డిగ్రీలు, రెండంటే మైనస్ 12, మూడంటే మైనస్ 18. మూడు చిన్న నక్షత్రాల ప్రక్కన వేరుగా ఒక పెద్ద నక్షత్రం ఉంటే ఆ యంత్రం నిలవ ఉంచడమే కాక, తాజా పదార్థాన్ని గడ్డకట్టించగల శక్తి కూడా కలదని అర్థం. ఒంటి తలుపు రిఫ్రిజిరేటర్ల పైఅరల్లో కొన్ని ఈ రెండవ లెక్కలో ఒకటి రెండు నక్షత్రాలను దాటవు. పొదుపు పట్టీ మీద అయిదు నక్షత్రాలున్నంత మాత్రాన ఐస్ క్రీము గట్టిగా ఉంటుందని భావించడం పొరపాటు.

పొదుపు పట్టీలో కూడా నక్షత్రాలకంటె దాని మీద అచ్చువేసిన యూనిట్ల సంఖ్యను చూడటం వివేకం. నక్షత్రాల ప్రమాణాలను ప్రభుత్వం కొన్నేళ్లకొకసారి కఠినతరం చేస్తూ ఉంటుంది. ఒకనాటి అయిదు నక్షత్రాల యంత్రం ఈనాటి లెక్కలో మూడుకు దిగిపోవచ్చు. యూనిట్ల సంఖ్య మాత్రం అబద్ధమాడదు. ఏడాదికి 365 అని ఉంటే రోజుకు ఒక యూనిట్టు. దాన్ని మీ ఊరి ధరతో గుణించి, పదేళ్లకు లెక్కవేస్తే, చవకగా కనిపించిన యంత్రం నిజంగా చవకో కాదో తేలిపోతుంది.

మన ప్రాంతంవారు తప్పక చూడవలసిన మరొక గుర్తు ఉంది. చాలామంది దాని జోలికే పోరు. యంత్రం వెనుక అతికించిన రేకు మీద ‘ఎన్’ అనో, ‘ఎస్‌టీ’ అనో, ‘టీ’ అనో అక్షరాలు ఉంటాయి. అది ఏ శీతోష్ణస్థితికి తయారైందో ఆ అక్షరం చెబుతుంది. ‘ఎన్’ జాతి యంత్రం చుట్టూ గాలి 32 డిగ్రీలకు మించనంతవరకే సక్రమంగా పనిచేస్తుంది. ‘ఎస్‌టీ’కి ఆ హద్దు 38, ‘టీ’కి 43. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నాల్లో ఎండ 45 దాటడం వింత కాదు. అక్కడ వంటింటి మూల కూడా నలభైకి తక్కువగా ఉండదు. కనుక ‘టీ’ అక్షరం లేని యంత్రాన్ని అటువంటి ఊళ్లో కొనడం, నూలుపంచె కట్టుకుని హిమాలయాలకు బయలుదేరడం వంటిదే, కాకపోతే దిశ వేరు.

పై మూత తెరిచే పెట్టె మంచిదా, బీరువాలా నిలువుగా నిలిచేది మంచిదా అన్న మీమాంసకు సమాధానం భౌతికశాస్త్రంలోనే ఉంది. చల్లని గాలి బరువైనది. నిలువు తలుపు తెరవగానే అది నేల మీదికి జారిపోతుంది, దాని స్థానంలో ఉక్కగాలి చేరుతుంది. పెట్టె మూత ఎత్తినపుడు చలిగాలి బావిలో నీరులా అడుగునే నిలిచి ఉంటుంది. కరెంటు పోయినపుడు కూడా పెట్టెదే పైచేయి. నిలువు ఫ్రీజరుకు ఉన్న సుగుణమల్లా ఏ వస్తువు ఎక్కడున్నదో కంటికి కనబడటం, తక్కువ స్థలం ఆక్రమించడం. పెట్టె అడుగున ఉన్న పొట్లం కోసం నడుము వంచలేని వృద్ధులున్న ఇంట్లో ఆ సుగుణాన్ని తీసిపారేయరాదు. గాజు మూతల పెట్టెలు దుకాణాలకు ఉద్దేశించినవి. ఇంటికి గట్టి మూత ఉన్నదే యోగ్యం.

మందమైన గోడ ఎంత మేలు చేస్తుందో తెలియాలంటే ఒక పాత కథ గుర్తు చేసుకోవాలి. 1833 మే నెలలో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి ‘టస్కనీ’ అనే ఓడ కలకత్తాకు బయలుదేరింది. అందులో సరుకు శీతకాలంలో సరస్సుల మీద నుంచి కోసిన మంచుగడ్డ, సుమారు 180 టన్నులు. నాలుగు నెలలపాటు భూమధ్యరేఖను రెండుసార్లు దాటి సెప్టెంబరులో ఓడ కలకత్తా చేరేసరికి అందులో దాదాపు 100 టన్నులు మిగిలే ఉంది! ఓడలో యంత్రమేదీ లేదు. మంచును కాపాడినవి వేడిని చొరనీయని పొరలూ, గడ్డలను ఎడం లేకుండా పేర్చిన తీరూ మాత్రమే. ఆ వ్యాపారం కొనసాగి మద్రాసు సముద్రతీరాన 1842లో మంచు నిలవ కోసం ఒక భవనమే వెలిసింది. 1897లో వివేకానందస్వామి బస చేసిన ఆ ‘ఐస్ హౌస్’ నేడు ఆయన పేరుతోనే ఉన్నది. మూత అంచును వ్రేళ్లతో పట్టిచూసి గోడ మందాన్ని అంచనా వేసే గృహిణి, తనకు తెలియకుండానే ఆ నావికుల విద్యను అనుసరిస్తున్నది. ఒకే కొలత ఉన్న రెండు పెట్టెల్లో బరువైనదాన్ని, గోడ మందంగా ఉన్నదాన్ని ఎన్నుకుంటే సామాన్యంగా నష్టం ఉండదు.

ఓడలోని రెండవ సూత్రం, అంటే ఎడం లేకుండా పేర్చడం, కరెంటు పోయినపుడు అక్కరకు వస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజరు మూత తెరవకపోతే లోపలి పదార్థం సుమారు 48 గంటలు గడ్డకట్టే ఉంటుంది. సగమే నిండి ఉంటే 24 గంటలు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడిని మింగుతుంది. ఖాళీ గాలికి ఆ శక్తి లేదు. కనుక సరుకు తక్కువైనపుడు ప్లాస్టిక్ సీసాల్లో ముప్పాతిక వంతు నీరు పోసి ఖాళీ జాగాలో ఉంచడం ఖర్చులేని ఉపాయం. నీరు గడ్డకట్టేటపుడు పరిమాణం నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుంది గనుక సీసా నిండా పోయరాదు. గాజు సీసా అసలే పెట్టరాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినపుడు నగరంలో అనేక పేటలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి సమయాల్లో, లేదా ఇల్లు తాళం పెట్టి ఊరికి వెళ్లి వచ్చినపుడు, లోపలి సరుకు మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందో లేదో కంటితో చూసి చెప్పడం అసాధ్యం. ఇందుకు ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక గిన్నెలో నీరు గడ్డకట్టించి దాని మీద ఒక రూపాయి బిళ్ల ఉంచి ఫ్రీజరులో వదిలేయాలి. తిరిగి వచ్చాక బిళ్ల పైనే ఉంటే నిశ్చింత. గిన్నె అడుగున చేరివుంటే మీరు లేనపుడు అంతా కరిగిందన్నమాట. ఆ మాంసాన్ని, చేపను వాసన చూసి సమాధానపడక పారవేయడమే శ్రేయస్కరం. ఇంకా మంచు స్ఫటికాలు కనబడుతూ గట్టిగా ఉన్న పదార్థాన్ని మాత్రం తిరిగి గడ్డకట్టించవచ్చు, రుచి కొంత తగ్గుతుందంతే. మరొక మాట: మధుమేహ రోగుల ఇన్సులిన్‌ను ఎన్నడూ ఫ్రీజరులో పెట్టరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ నమ్మదగినది కాదు.

యంత్రం ఇంటికి వచ్చిన తరువాత దాన్ని గోడకు ఆనించకుండా చుట్టూ నాలుగు వ్రేళ్ల ఎడం ఇవ్వాలి. పెట్టె ఫ్రీజర్లలో చాలావాటికి వేడిని బయటికి పంపే గొట్టాలు ప్రక్కగోడల్లోనే దాగి ఉంటాయి. పైరేకు వెచ్చగా తగలడం చూసి కంగారుపడనక్కరలేదు, అది ఆరోగ్య లక్షణమే. మూడు పిన్నుల సాకెట్టుకు ఎర్తు తీగ నిజంగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించుకోవాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ పనికిరాదు. కరెంటు లైను చివరనున్న గ్రామాల్లో సాయంత్రాలు వోల్టేజి బాగా పడిపోతుంది గనుక, కరెంటు వచ్చిన వెంటనే కాక కొంత వ్యవధి ఇచ్చి సరఫరా చేసే స్టెబిలైజరు అవసరం. ఇంటి ఇన్వర్టరుకు ఫ్రీజరును తగిలించే ముందు దాని శక్తిని విచారించాలి. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో మామూలుకన్న ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. లోపలి మరపై ఉన్న అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగినకొద్దీ చలి పెరుగుతుందని మాత్రమే అర్థం. చవకైన ఉష్ణమాపకం ఒకటి కొని రాత్రంతా పొట్లాల నడుమ ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక వ్యాధుల విషయం. వీటిలో సగానికి వైద్యుడు అక్కరలేదు. యంత్రం అసలే కదలకపోతే మొదట ఆ సాకెట్టులో ఒక టేబుల్ దీపం పెట్టి చూడాలి. దీపం వెలగకపోతే ఫ్రీజరు నిర్దోషి. గుయ్యిమని మూలిగి, ‘టక్’మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే పని చేస్తుంటే వోల్టేజి తక్కువై ఉండవచ్చు, లేదా కంప్రెసరుకు తగిలించిన రిలే చెడి ఉండవచ్చు. రిలే చిన్న వస్తువు, ఖరీదు స్వల్పం. కంప్రెసరే పోయిందని చెప్పేవాడి మాటకు లొంగేముందు రిలే మార్చి చూడమని అడగటం న్యాయం. కరెంటు పోయి వెంటనే వచ్చినపుడు కూడా ఇదే శబ్దం వినిపిస్తుంది. గొట్టాల్లో ఒత్తిడి సమం కావడానికి అయిదు నిమిషాల వ్యవధి కావాలి. అంతవరకు స్విచ్చి ఆపి ఉంచితే మోటారుకు ఆయువు పోసినట్టే.

ఆగకుండా ఆడుతూ ఉన్నా చలి చాలకపోతే, అనుమానం మొదట మూత అంచునున్న రబ్బరు పట్టీ మీదికి పోవాలి. ఒక నోటును అంచున పెట్టి మూత వేసి లాగిచూడండి. కొంచెం బిగువుగా రావాలి. ఎక్కడైనా సుళువుగా జారివస్తే అక్కడి నుంచి ఉక్కగాలి లోపలికి పోతున్నది. పట్టీని గోరువెచ్చని సబ్బునీటితో తుడిస్తే పేరుకున్న జిడ్డు పోయి అనేక పర్యాయాలు తిరిగి అతుక్కుంటుంది. అప్పటికీ కుదరకపోతే పట్టీ మార్చాలి. తరువాత చూడవలసింది మంచు. లోపలి గోడల మీద అర అంగుళం మంచు పేరుకున్న ఫ్రీజరు, కంబళి కప్పుకుని విసనకర్ర కోసం చేయి చాచే మనిషి వంటిది. పావు అంగుళం కాగానే స్విచ్చి ఆపి, మూత తెరిచి, గిన్నెలో వేడినీరు లోపల పెట్టి కరగనివ్వాలి. ఈ ఘట్టంలో చాకు, అట్లకాడ, సుత్తి ముట్టరాదు. ఆ మంచు వెనుక గ్యాసు పారే సన్నని గొట్టం ఉంటుంది. ఒక్క పోటుతో అది తూటుపడిన సందర్భాలు మరమ్మతు దుకాణాల్లో నిత్యకృత్యం. వానాకాలంలో, కోస్తా ఊళ్లలో మూత మీద చెమట పట్టడం జబ్బు కాదు. ముట్టుకుంటే జిల్లుమని షాకు కొడితే మాత్రం ఆ క్షణమే ప్లగ్గు తీసివేయాలి; ఆ తరువాతే తక్కిన ఆలోచనలు.

మిగిలిన పెద్ద జబ్బు గ్యాసు. ఈ విషయంలో మన దేశపు గృహస్థులు నష్టపోయినంతగా మరెందులోను నష్టపోలేదేమో! ‘గ్యాసు అయిపోయిందండీ, నింపాలి’ అనే మాట వినని ఇల్లు అరుదు. వంటగ్యాసు మండి ఖర్చవుతుంది గనుక ఫ్రీజరులోని గ్యాసు కూడా ఖర్చవుతుందని అందరూ సులువుగా నమ్ముతారు. నిజానికి ఫ్రీజరు చలిని పుట్టించదు. లోపలి వేడిని ఏతంతో నీరు తోడినట్టు తోడి బయట పారబోస్తుంది. గ్యాసు ఆ ఏతపు బాన వంటిది. లోపల ద్రవం నుంచి ఆవిరై వేడిని గ్రహిస్తుంది, కంప్రెసరు ఒత్తిడితో బయట తిరిగి ద్రవమై ఆ వేడిని వదులుతుంది. అన్ని కీళ్లూ అతికి మూసిన ఆ గొట్టంలో అదే గ్యాసు ఇరవయ్యేళ్లయినా తిరగగలదు. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నదని అర్థం. చిల్లు వెదకకుండా గ్యాసు నింపడమంటే అడుగు పగిలిన కుండలో నీరు పోయడమే. రెండు నెలలకో, ఆరు నెలలకో అదే మనిషి మళ్లీ అదే మాటతో వస్తాడు.

నిపుణుడైన పనివాడు ముందుగా గొట్టాల్లో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి, కీళ్ల మీద సబ్బు నురుగు పూసి, బుడగ లేచే చోటును పట్టుకుంటాడు. దాన్ని అతికి, తేమను పీల్చే ఫిల్టరును కొత్తదిగా మార్చి, పంపుతో లోపలి గాలినంతా లాగివేసి, ఆ తరువాతే గ్యాసును త్రాసులో తూచి ఎక్కిస్తాడు. గాలి లాగకుండా నింపితే మిగిలిపోయిన తేమ సన్నని నాళంలో మంచుగడ్డై అడ్డుపడి, యంత్రం కాసేపు ఆడి కాసేపు ఆగే కొత్త రోగం మొదలవుతుంది. ‘నైట్రోజన్ తెచ్చారా? ఫిల్టరు మారుస్తారా? త్రాసు ఉందా?’ అన్న మూడు ప్రశ్నలు చదువుకోని ఇల్లాలు కూడా అడగవచ్చు. నిజాయితీగల పనివాడు వీటికి నొచ్చుకోడు.

ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది వెనుకనున్న రేకు మీద రాసే ఉంటుంది. ఒకప్పటి యంత్రాల్లో ఆర్-12 ఉండేది. అది ఆకాశంలోని ఓజోను పొరను తినివేయగలదని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దానికి కాలం చెల్లింది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదుగాని భూమిని వేడెక్కిస్తుంది. కొత్త యంత్రాల్లో ఎక్కువగా ఉంటున్నది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఇది వంటగ్యాసుకు దగ్గరి చుట్టం, అగ్గి తగిలితే అంటుకుంటుంది. వంటగ్యాసులో కలిపే వాసన ఇందులో కలపరు కనుక కారినా ముక్కుకు తెలియదు. పరిమాణం కొద్ది పదుల గ్రాములే గనుక మామూలుగా వాడేటపుడు భయపడవలసిందేమీ లేదు. మూసిన గదిలో, గొట్టంలో గ్యాసు మిగిలి ఉండగా మంటతో అతుకు పెట్టడమే ప్రమాదం. మరమ్మతు సమయంలో తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి. ఒక గ్యాసు యంత్రంలో మరొక గ్యాసు నింపుతామనేవాడిని గుమ్మం దగ్గరి నుంచే పంపివేయవచ్చు.

చిల్లు బయటి కీళ్ల వద్ద ఉంటే మరమ్మతు సులభం. గోడలోపలి నురుగు పొరలో ఉంటే ఖర్చు పెరుగుతుంది, ఫలితం సందేహాస్పదం. యంత్రం వయస్సు పదేళ్లు దాటి, మరమ్మతు కొత్తదాని ధరలో సగానికి చేరితే ఆశ వదులుకోవడమే మేలు. కొనేనాడు గొప్పగా చెప్పిన ‘కంప్రెసరుకు పదేళ్ల హామీ’ పత్రాన్ని ఇపుడు తీసి చదివితే గ్యాసు, కూలి, రవాణా అందులో చేరవని చిన్న అక్షరాల్లో తరచుగా కనిపిస్తుంది. దాన్ని కొనేనాడే చదవాలి. హామీ ఉండి కూడా పట్టించుకోని సంస్థ మీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు; అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం 1915కు టెలిఫోను చేస్తే చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. బిల్లు, హామీ పత్రం, ప్రతి మరమ్మతు రసీదు దాచి ఉంచుకోవాలి.

పాత యంత్రాన్ని పెరటిలో పడవేసే అలవాటు మనవారికి ఉంది. దాగుడుమూతలాడే పిల్లలకు అటువంటి పెట్టె మంచి చాటు. మూత పడితే లోపలి నుంచి తెరుచుకోదు, గాలి చొరదు, కేక బయటికి వినబడదు. అమెరికాలో ఇటువంటి మరణాలు పెరిగినందువల్లనే 1956లో రిఫ్రిజిరేటరు తలుపులు లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలని చట్టం చేశారు. తాళమున్న పెట్టె ఫ్రీజరు విషయంలో జాగ్రత్త ఇంటివారిదే. పాతసామాను వాడు రావడానికి వారం పట్టినా సరే, యంత్రాన్ని గది బయట పెట్టిన నాడే స్క్రూడ్రైవరుతో మూత బందులు విప్పి, మూతను వేరుచేసి గోడకు ఆనించి ఉంచాలి.